జలుబుకు యాంటీబయాటిక్ ఎందుకు?

ముసురు పట్టినా, చలి ముదిరినా ముందు గిరాకీ పెరిగేది మెడికల్ షాపుకే. ‘జలుబు, ఒళ్లునొప్పులు’ అనగానే పారాసెటమాల్‌తో పాటు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు మూడూ చేతికొస్తాయి. జలుబు కాలంలో మనం ముందు మానుకోవాల్సింది ఈ అలవాటే. జలుబుకూ ఫ్లూకూ కారణం వైరస్‌లు. అజిత్రోమైసిన్ దెబ్బతీసేది బాక్టీరియాలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లను. వైరస్‌కు సొంత రైబోజోమ్‌లే ఉండవు, ఇక మందు దేనిమీద పనిచేస్తుంది? ఆ స్ట్రిప్‌ను తిప్పి చూస్తే నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. డాక్టరు చీటీ లేనిదే వాడొద్దని దానర్థం. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ దాని గురించి ప్రచారమూ చేసింది. అయినా పట్టించుకునేవాళ్లు తక్కువే.

‘వేసుకున్నాక తగ్గింది కదా’ అంటారు. మామూలు జలుబు వారం, పది రోజుల్లో దానంతటదే పోతుంది. రెండు మూడు రోజులు ఓర్చుకుని, బాగా ముదిరాక మాత్ర వేసుకుంటాం. ఆపైన ఎలాగూ తగ్గుముఖమే కాబట్టి పేరు మాత్రకు దక్కుతుంది. ‘కఫం పచ్చబడింది, ఇన్ఫెక్షనే’ అన్నది ఇంకో వాదన. వైరస్‌తో పోరాడే తెల్లరక్తకణాల వల్ల కూడా ఆ రంగు వస్తుంది. రంగొక్కటే చూసి బాక్టీరియా అని తేల్చలేం. ‘మూడు మాత్రలకే కొంప మునుగుతుందా?’ అంటే, మన ఒంట్లోని బాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవడం అలాంటి అనవసరపు డోసులతోనే మొదలవుతుంది. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగే 1945 నోబెల్ ప్రసంగంలో ఈ ముప్పు గురించి హెచ్చరించాడు. 2019లో ప్రపంచవ్యాప్తంగా మందులకు లొంగని బాక్టీరియా వల్ల 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

రోజుకూలీ పని మానుకుని, ఫీజు కట్టి డాక్టరు దగ్గరికి ఎలా వెళ్తాడన్న ప్రశ్నలో న్యాయముంది. కానీ పనిచేయని మందు అతణ్ణి ఒక్కరోజు ముందుగానైనా పనికి పంపలేదు, పైగా చేతిలో డబ్బు పోతుంది. మామూలు జలుబుకు విశ్రాంతి, గోరువెచ్చని నీళ్లు, జ్వరముంటే పారాసెటమాల్ చాలు. సబ్బుతో చేతులు కడుక్కుంటే, దగ్గేటప్పుడు మోచేయి అడ్డం పెట్టుకుంటే ఇంట్లో మిగతావాళ్లకు అంటుకునే అవకాశం తగ్గుతుంది. ఆయాసం వచ్చినా, జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టినా డాక్టరుకు చూపించాల్సిందే. వృద్ధులు, గర్భిణులు, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్లు ఫ్లూ అనుమానం రాగానే వెళ్లాలి. ఒసెల్టామివిర్ లాంటి ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో వాడితేనే బాగా పనిచేస్తుంది. వాళ్లు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం మరీ మంచిది. బాక్టీరియా వల్ల న్యుమోనియా వస్తే యాంటీబయాటిక్ ప్రాణం కాపాడుతుంది. ఆ రోజు అది పనిచేయాలంటే ఈ రోజు జలుబుకు దాన్ని వాడకండి.