మెరుపుకు చోటు చూపే విద్య

నల్లగా నిగనిగలాడే గిటారును లోపం లేకుండా ఫోటో తీయగలిగినవాడు ఈ లోకంలో దేన్నయినా తీయగలడని హోసూరు స్టూడియోల పెద్దవాళ్లు అనేవారు. పెళ్లికూతురు ముఖం తీయడం తేలిక, ఆమె మెడలోని హారం తీయడం కష్టం, గిటారు తీయడం పరీక్ష. ఈ మాటను నేను నూటికి నూరుపాళ్లూ నమ్ముతాను. కెమెరా కొన్న ప్రతి కుర్రవాడూ మొదటి నెలలోనే ఈ పరీక్షలో తప్పుతాడు. గిటారును మంచం మీద పెట్టి తీస్తాడు. ఫోటోలో గిటారు బదులు పైకప్పు ట్యూబ్‌లైటు, ఫ్యాను రెక్కలు, కిటికీ చువ్వలు, మధ్యలో తన చొక్కా రంగు కనబడతాయి. ఫ్లాష్ వెలిగిస్తే ఇంకా ఘోరం. వార్నిష్ మీద తెల్లటి మచ్చ ఒకటి పేలి, దాని చుట్టూ ఉన్న కొయ్య అందమంతా మాడిపోతుంది.

మెరిసే సరుకు విషయంలో మా హోసూరును మించిన ఊరు లేదు. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడే రోడ్డెక్కింది. 1984లో టాటాలూ, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి పెట్టిన టైటాన్ ఇక్కడే వాచీలు చేయడం మొదలుపెట్టింది. కృష్ణగిరి చుట్టుపక్కల గనుల నుంచి వచ్చే గ్రానైట్ పలకలు ముఖం చూసుకునేంత పాలిష్‌తో లారీలెక్కుతాయి. పెట్రోలు ట్యాంకు, వాచీ అద్దం, నల్లరాతి పలక. ఈ మూడింటినీ ఫోటో తీయడంలో చేయి తిరిగినవాళ్లకు గిటారు ఎదురైతే వాళ్లు తడబడలేదు. బెంగుళూరు నలభై కిలోమీటర్లే. అక్కడి బ్యాండ్ల మోజూ, ఇక్కడి చర్చి పాటల బృందాలూ కలిసి మా వీధుల్లోకి గిటార్లను తెచ్చాయి. వాడినవాటిని అమ్ముకోవాలన్నా, కొత్తవాటిని చూపించాలన్నా ఫోటో కావాలి.

గిటారు అంత కష్టం ఎందుకంటే, ఒకే వస్తువులో నాలుగు రకాల ఒంటి తీరు ఉంటుంది. బాడీ మీద గాజులాంటి పూత. మెడ మీద మెరుపు లేని ముదురు కొయ్య. కీలకూ పికప్ మూతలకూ క్రోమ్. వీటన్నిటి మీదుగా ఆరు తీగలు, ఒక్కొక్కటీ ఒక్కో సన్నటి అద్దం. ఒకదానికి సరిపోయిన వెలుతురు ఇంకొకదాన్ని చెడగొడుతుంది. బల్లపరుపుగా ఉండే అకూస్టిక్ గిటారు ముఖం ఒక్క దిక్కునే చూస్తుంది కాబట్టి కొంత నయం. ఉబ్బెత్తుగా చెక్కిన ఎలక్ట్రిక్ గిటారు మాత్రం గదిలో ఉన్న సమస్తాన్నీ చూస్తుంది. చూసినదంతా ఫోటోలో చెప్పేస్తుంది.

ఈ ప్రతిబింబాలకు ఆధారమైన సూత్రం హైస్కూలు పుస్తకంలో ఉన్నదే. వెలుతురు ఏ కోణంలో వచ్చి తగిలిందో అదే కోణంలో తిరిగి పోతుంది. పుస్తకంలో చదివినవాడికి అది రెండు మార్కుల ప్రశ్న. స్టూడియోలో బతికినవాడికి అదే ప్రాణం. మా ఊళ్లో నేను గురువుగా తలిచే ఒక పెద్దాయన దీన్ని చూపించిన తీరు ఇప్పటికీ నాకు అబ్బురమే. గది చీకటి చేసి, కెమెరా లెన్సు పక్కన టార్చిలైటు పెట్టి గిటారు మీదికి కొట్టేవాడు. గిటారు మీద తగిలి చెదిరిన వెలుతురు గోడల మీద, పైకప్పు మీద అక్కడక్కడ పడేది. "చూడప్పా, వెలుతురు పడిన తావుల్లో ఏముంటే అదే ఫోటోలో కనబడేది. ఆడ దీపం పెట్టొద్దు. ఆడ గలీజు పెట్టొద్దు. మిగతా గదంతా నీదే" అనేవాడు. సుద్దముక్కతో ఆ తావుల చుట్టూ గీత గీసి, దీపాలను ఆ గీతల బయటే నిలబెట్టేవాడు. ఈ విద్య మొత్తానికీ మూలం ఆ సుద్దగీతే.

ఆయన చేసిన ఒక ఫోటో గురించి చెప్పకుండా ఉండలేను. నల్ల గిటారు, నల్ల వెనకతెర. మామూలుగా అయితే ఏమీ కనబడకూడదు. ఆయన అందులో ఒకే ఒక్క తెల్ల గీతను పుట్టించాడు. అది పై కొమ్ము దగ్గర మొదలై, నడుము వంపులో సన్నబడి, కింది గుండ్రంలో మళ్లీ వెడల్పై, బ్రిడ్జ్ వెనక కరిగిపోయింది. గిటారు ఆకారమంతా ఆ ఒక్క గీతే చెప్పింది. దానికి వాడినదల్లా జానెడు వెడల్పు, నిలువెత్తు పొడుగు ఉన్న థర్మాకోల్ పట్టీ. దాని మీదికి దీపం కొట్టి, ఆ పట్టీ ప్రతిబింబాన్ని గిటారు అంచున కూర్చోబెట్టాడు. పికప్ మూతలకు పోస్టుకార్డంత తెల్ల అట్టముక్కలు వేరే. కెమెరా ముందు నల్లగుడ్డ కట్టి, లెన్సు పట్టేంత చిల్లు పెట్టాడు. ఫోటోలో కెమెరా లేదు, మనిషి లేడు, గది లేదు. నల్ల వస్తువును తీయడమంటే దాని మీద పడే తెలుపును తీయడమేనని నాకు అప్పుడే అర్థమైంది.

మిగతా జాగ్రత్తలు చిన్నవే. కెమెరాను దగ్గర పెట్టకూడదు. పది అడుగులు వెనక్కి జరిగి నూరు మిల్లీమీటర్ల లెన్సు వేస్తే గిటారు ఆకారం వంకర పోదు, గిటారు చూసే తావూ చిన్నదవుతుంది. ట్రైపాడ్ ఉండాలి, ఐఎస్ఓ నూరు, అపర్చరు ఎనిమిదికీ పదకొండుకీ మధ్య. వేలిముద్రలు మెత్తటి గుడ్డతో తుడవాలి. కొందరు మెరుపు చంపే స్ప్రే కొడతారు. పాత గిటార్ల నైట్రోసెల్యులోజ్ పూత మీద అలాంటి మందులు కొడితే పూత పాడయ్యే ప్రమాదముంది. ఫోటో కోసం వాద్యాన్ని పాడుచేసేవాడి చేతికి వాద్యం ఇవ్వకూడదు.

ఇక పెద్ద వెలుతురు సంగతి. ఉబ్బెత్తు గిటారుకు చిన్న దీపం పనికిరాదు, వెలుతురు గిటారు కన్నా పెద్దదిగా ఉండాలి. దీనికి మా గురువుగారి ఆయుధం వెదురుబద్దల చట్రానికి బిగించి కట్టిన తెల్ల మల్లు పంచె. పంచె వెనక దీపం, పంచె ముందు గిటారు. దీపాన్ని పంచె నడిమికి కాకుండా ఒక అంచుకు జరిపితే తెలుపు ఒక పక్క నిండుగా, ఇంకో పక్కకు పోయేకొద్దీ పల్చబడి ఉంటుంది. గిటారు మీద ఆ జారుడే కనబడుతుంది. వార్నిష్ వార్నిష్‌లాగే మెరుస్తుంది కానీ కంటిని పొడవదు. మన దేశంలో ఈ గుడ్డ విద్యకు మహానుభావుడు సినిమా ఛాయాగ్రాహకుడు సుబ్రతో మిత్రా. సత్యజిత్ రాయ్ సినిమా 'అపరాజితో' కోసం 1956లో కాశీ ఇంటి సెట్టు మీద తెల్లగుడ్డ పందిరిలా పరిచి, దీపాలను కింది నుంచి దాని మీదికి కొట్టి, ఆకాశం నుంచి దిగే నీడలేని వెలుతురును స్టూడియోలో పుట్టించాడు. వేలకు వేలు పోసి కొనే సాఫ్ట్‌బాక్సులన్నీ ఆ గుడ్డకు మనవళ్లే.

తెలుగు సినిమా ఛాయాగ్రాహకుల్లో నేను మొక్కే దేవుడు మార్కస్ బార్‌ట్లీ. 'మాయాబజార్'లో ఆయన వెన్నెలను చూసినవాడెవడూ వెలుతురును మళ్లీ తేలిగ్గా తీసుకోలేడు. కిరీటాలు, భుజకీర్తులు, నగలు, నీటి మీద తళుకు, అన్నీ మెరిసేవే. ఒక్కటీ కళ్లలో గుచ్చుకోదు, ఒక్కటీ ఆరిపోదు. 1957లో, నలుపు తెలుపులో, ఈనాటి ఏ మీటా లేకుండా చేసిన పని అది. గిటారు ఫోటోలు తీయాలనుకునే కుర్రవాళ్లకు నేను ముందు ఆ సినిమా చూడమంటాను. మైసూరు మనిషి, ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి 'కాగజ్ కే ఫూల్' సినిమా కోసం పెద్ద అద్దాలతో ఎండను స్టూడియో లోపలికి మళ్లించి వెలుగు స్తంభాన్ని నిలబెట్టాడు. ప్రతిబింబాన్ని మిత్రా గుడ్డతో మెత్తబరిస్తే మూర్తి అద్దంతో ఝళిపించాడు. ఇద్దరికీ అది చెప్పుచేతల్లో ఉంది.

ఈ విద్యలో ఇంకో వర్గం ఉంది. వాళ్లు మెరుపును వడకట్టే పోలరైజర్ వాడేవాళ్లు. 1808లో పారిస్‌లో మాల్యూస్ అనే శాస్త్రవేత్త లక్సెంబర్గ్ భవనం కిటికీల మీద మెరిసే సాయంత్రపు ఎండను స్ఫటికం లోంచి చూసి ఈ వడపోత గుట్టు పట్టాడు. బ్రూస్టర్ అనే మరో శాస్త్రవేత్త 1815లో కోణం లెక్క కట్టాడు. గాజుకూ వార్నిష్‌కూ అది వాటి ముఖానికి లంబంగా ఉండే గీత నుంచి దాదాపు 56 డిగ్రీలు. ఆ వంపులో నిలబడి పోలరైజర్ తిప్పితే మెరుపు మాయమై అడుగున ఉన్న కొయ్య బయటపడుతుంది. మన సి.వి. రామన్ 1921లో నర్కుండా ఓడ మీద వస్తూ ఇదే ఉపాయంతో, చేతిలో పోలరైజర్‌లా పనిచేసే ఒక నికోల్ పట్టకంతో, సముద్రం మీది ఆకాశపు ప్రతిబింబాన్ని తుడిచేసి, నీటి నీలిరంగు సముద్రానిదేనని కళ్లారా చూశాడు. వీణ, తంబుర తీగల మీద ఆయన రాసిన పరిశోధన వ్యాసం వచ్చిందీ ఆ ఏడాదే. విశాఖలో చదువుకుని, తర్వాత బెంగుళూరులో స్థిరపడిన ఆ మనిషి వాద్యాన్నీ ప్రతిబింబాన్నీ ఒకే ఏట పట్టుకున్నాడంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అయినా నా పక్షం గుడ్డ పక్షమే. దీపానికి ఒక పోలరైజర్ రేకు, లెన్సుకు ఇంకొకటి అడ్డంగా తిప్పి పెట్టి, ప్రతి మెరుపునూ చంపేసే పద్ధతి ఈమధ్య బాగా వ్యాపించింది. కొయ్య రంగు నిండుగా వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ క్రోమ్ కీలు నల్లబడి తుప్పు పట్టినట్టు కనబడతాయి. పూత ఉందో లేదో తెలియదు. పాలిష్ పట్టినవాడు వారాల తరబడి రుద్దిన శ్రమ ఫోటోలో లేకుండా పోతుంది. మ్యూజియం రికార్డు కోసం, పగుళ్ల పరీక్ష కోసం అయితే సరే. వాద్యం అందం చూపడానికి లెన్సు మీద ఒక్క పోలరైజర్, అదీ సగం తిప్పితే చాలు.

మెరుపు మొత్తం చంపకూడదని చెప్పడానికి నా దగ్గర అన్నిటికన్నా బలమైన సాక్ష్యం గిబ్సన్ కంపెనీ 1958 నుంచి 1960 వరకు చేసిన సన్‌బర్స్ట్ లెస్ పాల్ గిటార్లు. వాటి మీది మేపుల్ కొయ్యలో మంట నాలుకల్లా చారలుంటాయి. కొయ్య నారలు మెలికలు తిరిగి ఉండటం వల్ల ఒక కోణంలో చీకటిగా ఉన్న చార ఇంకో కోణంలో వెలుగుతుంది. జపాన్‌కు చెందిన యసుహికో ఇవనాదె ఆ గిటార్ల ఫోటోలతో 'ది బ్యూటీ ఆఫ్ ది బర్స్ట్' అనే పుస్తకమే వేశాడు. చదునైన వెలుతురులో ఆ చారలు నిద్రపోతాయి. పక్క నుంచి కొంచెం పదునైన వెలుతురు తగిలితేనే లేస్తాయి. అంటే పూత మీద మెరుపు రాకుండా, కొయ్యలో మెరుపు పోకుండా, దీపాన్ని ఆ ఇరుకు సందులో నిలబెట్టాలి. అంగుళం జరిగితే రెండూ పోతాయి. ఇంతకన్నా నాజూకైన పని నేను చూడలేదు.

మన వీణకూ ఇదే కథ. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశాల వాళ్లు పనస దుంగ ఒక్కదాన్నే తొలిచి కుండ, దండి, యాళి ముఖం అన్నీ అందులోంచే తీస్తారు. ఆ కుండ గుండ్రనిది, పాలిష్ పట్టింది, కాబట్టి గిటారు కన్నా మొండిది. దాన్ని మంచి వెలుతురులో తీసిన ఫోటోలు ఎన్ని ఉన్నాయి? అమ్మకపు ఫోటోల్లో ఆ పనస పసుపు మీద పైకప్పు దీపాల చుక్కలే ఎక్కువ. అతుకు లేని ఏకండి వీణకు, అతుకులున్న వీణకు తేడా తెలియాల్సిన చోటే సరిగ్గా ఆ తెల్లచుక్క వచ్చి కూర్చుంటుంది. తరాల నుంచి వస్తున్న పనితనానికి మనం ఇచ్చే మర్యాద ఇదా?

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. ఫోన్‌లో వేలు పెట్టి రుద్దితే మెరుపు పోయే యాప్‌లు వచ్చాయి. ఆ యాప్ మెరుపుతో పాటు కొయ్య గీతలనూ చెరిపేసి, తానే కొన్ని గీతలు అల్లి పెడుతుంది. వెనకతెర కత్తిరించేటప్పుడు తీగలు తెగిపోతాయి, ఒక కీ మాయమవుతుంది. ఆన్‌లైన్ అంగళ్లలో అసలు గిటారే ఉండదు, కంప్యూటర్‌లో గీసిన బొమ్మ ఉంటుంది. నూరు గిటార్లకు ఒకటే బొమ్మ. ఏ రెండు పలకల గీతలూ ఒక్కలా ఉండని కొయ్యకు ఇంతకన్నా అవమానం లేదు. నాకు తెలిసిన కుర్రవాడొకడు ఫోటో చూసి ముచ్చటపడి వాడిన గిటారు తెప్పించుకున్నాడు. ఫోటోలో పెద్ద తెల్ల మెరుపు ఉన్న చోట, చేతికొచ్చాక చూస్తే, పూత పగిలి ఉంది. చెడ్డ వెలుతురు వికారమే కాదు, అబద్ధం కూడా ఆడగలదు.

ఇటు స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. సుద్దగీత గీయగల చేతులు వృద్ధాప్యంలో ఉన్నాయి. ఆ పెద్దవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి ఇప్పటి పిల్లలకు ఓపిక లేదు, నేర్పినందుకు పైసా ఇచ్చేవాడూ లేడు. వాళ్ల పేరు మీద ఒక్క ప్రదర్శనా పెట్టలేదు మనం. హోసూరులోని తెలుగు సంఘాలు పండగలకు ఎన్నో పోటీలు పెడతాయి. వెలుతురు పట్టడం మీద ఒక్క రోజు తరగతి పెట్టలేవా? ఫోటోగ్రఫీ నేర్పే కాలేజీలు ఈ పెద్దవాళ్లను పిలిచి ఒక వీణనూ, ఒక గిటారునూ ముందు పెట్టి తీసి చూపించమని అడగలేవా?

ఇంట్లో గిటారు ఉన్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. అమ్మడానికైనా దాచుకోవడానికైనా ఫోటో తీసేముందు ఫ్లాష్ ఆపండి, ట్యూబ్‌లైటు ఆర్పండి. ఉత్తరపు కిటికీకి ఉతికిన తెల్ల పంచె కట్టండి. నల్ల చొక్కా వేసుకుని పది అడుగులు వెనక్కి జరగండి. గిటారును కొంచెం కొంచెంగా తిప్పుతూ, మెరుపు అంచుకు చేరిందాకా ఆగండి. ఆ తర్వాతే మీట నొక్కండి.