ముజాహిద్ అనే మాట ఎవరిది?

ముజాహిద్ అనే మాట మా ఇళ్లల్లోకి టీవీ మోసుకొచ్చింది కాదు. ఉర్దూలో స్వాతంత్ర్య సమరయోధుణ్ని ముజాహిదే ఆజాదీ అంటారు. అష్ఫాఖుల్లా ఖాన్ ముజాహిదే ఆజాదీ. భగత్‌సింగ్ ముజాహిదే ఆజాదీ. 1857లో హైదరాబాద్ రెసిడెన్సీ మీదికి జనాన్ని నడిపించిన తుర్రేబాజ్ ఖాన్ ముజాహిదే ఆజాదీ. మా పెద్దలు ఆ మాట అనేటప్పుడు గొంతులో ఒక గౌరవం పలికేది. ఇప్పుడు అదే మాట పత్రికలో కనబడితే మా పిల్లలు చుట్టూ ఎవరు చూస్తున్నారో అని చూసుకుంటున్నారు.

మధ్యలో ఏం జరిగింది? మాట అదే. దాన్ని వాడుకున్నవాళ్ల అవసరం మారింది. ఆ అవసరం ఆఫ్ఘనిస్తాన్‌లో పుట్టింది.

1979 జూలైలో, సోవియట్ సైన్యం ఇంకా దిగకముందే, కాబూల్ ప్రభుత్వం మీద తిరగబడినవాళ్లకు రహస్యంగా సాయం చేసే ఉత్తర్వు మీద అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టాడు. అప్పటికది ఆయుధాల సాయం కాదు. డిసెంబర్‌లో సోవియట్ సేనలు దిగాక తుపాకులు మొదలైనయ్. 1987 నాటికి ఆ సాయం ఏడాదికి 60 కోట్ల డాలర్లు దాటింది. సౌదీ అరేబియా డాలరుకు డాలరు కలిపింది. 1986లో స్టింగర్ క్షిపణులొచ్చాయి. అంతా పాకిస్తాన్ ఐ.ఎస్.ఐ. చేతుల మీదుగా పోయింది. ఎవరికెంత అన్నది అదే తేల్చింది. పెద్ద వాటా గుల్బుద్దీన్ హెక్మత్యార్ పార్టీకి దక్కింది.

పేరుకు రహస్యమే గానీ ఇది అమెరికాలో అందరికీ తెలిసిన రహస్యం. మరి అక్కడి జనం ఎందుకు అడ్డు చెప్పలేదు? అదే రోజుల్లో, అదే రీగన్ నికరాగ్వాలో కాంట్రాలకు ఆయుధాలివ్వాలంటే జనం ఒప్పుకోలేదు. సర్వేల్లో ఎప్పుడూ ఎక్కువమంది వద్దనే అన్నారు. 1984లో కాంగ్రెస్ ఆ సాయాన్ని ఆపేసింది. 1985లో రీగన్ కాంట్రాలను అమెరికా జాతి నిర్మాతలకు నైతికంగా సాటివాళ్లన్నాడు. ఈ మాట ముజాహిదీన్ల గురించి అన్నాడని మావాళ్లు కూడా తరచూ రాస్తుంటారు. అది తప్పు. ఒక కట్టుకథను మరో కట్టుకథతో కొట్టే హక్కు మాకు లేదు. కాంట్రాల కోసం ప్రచారం చేయడానికి విదేశాంగ శాఖలో ఒక ప్రత్యేక కార్యాలయమే పెట్టారు. అది చట్టం నిషేధించిన రహస్య ప్రచారానికి పాల్పడిందని 1987లో అమెరికా ప్రభుత్వ ఆడిటర్ జనరలే తేల్చాడు. అంత చేసినా జనం నమ్మలేదు.

తేడా ఎక్కడుంది? నికరాగ్వాకు అమెరికన్ విలేకరులూ, చర్చి మనుషులూ, విద్యార్థులూ తమంతట తాము వెళ్లగలిగారు. కాంట్రాలు పల్లెల్లో ఏం చేశారో కళ్లారా చూసొచ్చి చెప్పారు. ఆఫ్ఘన్ యుద్ధానికి దారి పెషావర్ నుంచి. కాబూల్ ప్రభుత్వం వీసాలివ్వదు. కాబట్టి విలేకరి పెషావర్‌లో దిగి, ఏదో ఒక పార్టీ ఆఫీసుకు పోయి, ఆ పార్టీ కమాండర్ వెంట సరిహద్దు దాటాలి. దారి కమాండర్‌ది, దుబాసీ కమాండర్ మనిషి, చూపించే ఊరు కమాండర్ ఎంచిన ఊరు. 1980లోనే సి.బి.ఎస్. విలేకరి డాన్ రాథర్ ఆఫ్ఘన్ వేషం వేసుకొని అలా వెళ్లొచ్చాడు. అదీ చాలక, ఆఫ్ఘన్లకే కెమెరా నేర్పడానికి అమెరికా ప్రభుత్వం సొమ్మిచ్చింది. బోస్టన్ విశ్వవిద్యాలయం ఆ పని తీసుకుంది. అక్కడి జర్నలిజం డీన్ ఇది వద్దని పదవి వదులుకున్నాడు. అయినా 1987లో పెషావర్‌లో కేంద్రం వెలిసింది. ఆయుధానికీ, ఆ ఆయుధాన్ని ఫోటో తీసే కెమెరాకూ సొమ్ము ఒకే ఖజానా నుంచి!

ఈ కథంతా అబద్ధమని మేం అనడం లేదు. దాని బలం అందులో నిజం ఉండడమే. దురాక్రమణ నిజం. బాంబులు పడ్డ పల్లెలు నిజం. పాకిస్తాన్, ఇరాన్‌లలో 50 లక్షలకు పైగా శరణార్థులు నిజం. ఆ నిజమైన కన్నీటి మీద ఒక బొమ్మ గీశారు. కొండ, గుర్రం, గడ్డం, తుపాకి, నమాజు. దేవుణ్ని నమ్మని సోవియట్ మీద దేవుణ్ని నమ్మినవాడి పోరు. 1982లో కొలంబియా అంతరిక్ష నౌక ప్రయాణాన్ని రీగన్ ఆఫ్ఘన్ ప్రజలకు అంకితమిచ్చాడు. 1983లో ఆఫ్ఘన్ యోధుల్ని వైట్‌హౌస్‌లో కూర్చోబెట్టుకున్నాడు. 1988లో ర్యాంబో కూడా గుర్రమెక్కి వాళ్ల పక్కన నిలబడ్డాడు.

ఆ బొమ్మలో లేనివాళ్లెవరు? సయ్యద్ బహావుద్దీన్ మజ్రూహ్ లేడు. కవి, తత్వవేత్త, పెషావర్‌లో ఆఫ్ఘన్ సమాచార కేంద్రం నడిపినవాడు. సోవియట్లకు వ్యతిరేకి. శరణార్థుల్లో ఎక్కువమంది కోరేది ఈ పార్టీల నాయకుల్ని కాదు, మాజీ రాజు జహీర్ షాను అని సర్వే చేసి ప్రకటించాడు. 1988 ఫిబ్రవరిలో అతని ఇంటి దగ్గరే కాల్చి చంపారు. సాయం అందుకుంటున్నవాళ్లే ఆఫ్ఘన్ ప్రజలు అన్న కథకు మజ్రూహ్ సర్వే అడ్డం. బయటివాళ్లకు చెప్పిన కథ స్వాతంత్ర్యం. లోపల శిబిరాల పిల్లలకు చెప్పిన కథ వేరు. అమెరికా సొమ్ముతో, నెబ్రాస్కా విశ్వవిద్యాలయం సాయంతో అచ్చయిన పాఠ్యపుస్తకాల్లో ఆ పిల్లలు తూటాలతో లెక్కలు నేర్చుకున్నారు.

1989 ఫిబ్రవరిలో సోవియట్ సైన్యం వెళ్లిపోయింది. క్రమంగా కెమెరాలూ వెళ్లిపోయాయి. 1992 తర్వాత హెక్మత్యార్ రాకెట్లు కాబూల్ మీద పడి వేలమంది ముస్లింలు చచ్చిపోతుంటే ఆ బొమ్మ గీసినవాళ్లు ఇటు చూడలేదు. 2001 తర్వాత మళ్లీ వచ్చారు. అదే కొండ, అదే గడ్డం, అదే తుపాకి, అదే నమాజు. కింద రాసిన పేరు ఒక్కటే మారింది.

ఇక్కడే మా గొడవ. మన తెలుగు పత్రికలకు విదేశీ వార్త వచ్చేది ఎక్కువగా ఏజెన్సీల నుంచే. డెస్కు మీది ఉపసంపాదకుడు పెషావర్ చూసినవాడు కాదు. అక్కడ విశేషణం మారితే ఇక్కడ అనువాదం మారింది. ఆ విశేషణం వచ్చి ఎవరి మీద పడింది? ఒక్క డాలరు అందుకోని, స్టింగర్ అంటే ఏమిటో తెలియని, గుంటూరులో పంక్చర్లేసుకునే సాయిబు మీద. పరుపులు కుట్టుకునే దూదేకుల మస్తాన్ మీద. గడ్డానికి అర్థం వాషింగ్టన్‌లో మారితే సంజాయిషీ మాత్రం మా గల్లీలో ఇవ్వాలి.

మా తప్పూ ఉంది. ఆ మెచ్చుకోళ్లు విని మాలో చాలామంది పొంగిపోయాం. పెద్దరాజ్యం మావాణ్ని వీరుడంటోందని మురిశాం గానీ, ఆ వీరుడి చేతిలో చచ్చినవాళ్లలో మావాళ్లెందరని అడగలేదు. మజ్రూహ్‌ను ఎవరు చంపారని అడగలేదు. మంచి ముస్లిం బిరుదును పరాయివాడి చేతి నుంచి తీసుకున్ననాడే చెడ్డ ముస్లిం బిరుదునిచ్చే హక్కు కూడా వాడి చేతికిచ్చేశాం.

రేపు ఇంకెక్కడికో ఆయుధాలు పంపాల్సొస్తుంది. ఇంకో బొమ్మ వస్తుంది. దాంట్లో మనవాడు వీరుడైనా, దుర్మార్గుడైనా మేం అడగాల్సినవి ఇవే. విలేకరిని అక్కడికి తీసుకుపోయిందెవరు? కెమెరాకు సొమ్మెవరిది? బొమ్మలో లేనివాళ్లెవరు?

ముజాహిద్ అనే మాట రీగన్ ఇచ్చింది కాదు, ఆ తర్వాతి అధ్యక్షుడు గుంజుకుపోవడానికి. అది తుర్రేబాజ్ ఖాన్ మాట. మా నానీల మాట. దాన్ని మేమే పలుకుతాం. దాని అర్థం మేమే చెబుతాం.