పెద్ద వాల్వ్ వేస్తే...

పాత బుల్లెట్ హెడ్డు విప్పి బల్ల మీద పెట్టగానే కుర్రాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, పెద్ద వాల్వ్ వేస్తే బండి ఇంకా లాగుద్దా?"

నేను ముందు పిస్టన్ చూపిస్తాను. పాత 350 బుల్లెట్ బోరు (సిలిండరు వ్యాసం) 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90. ఇంజను 5000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే పిస్టన్ సగటున సెకనుకు 15 మీటర్లు పరుగెడుతుంది. ఇన్‌టేక్ వాల్వ్ వ్యాసం బోరులో సగం అనుకుంటే దాని వైశాల్యం నాలుగో వంతే. ఆ ఇరుకులోంచి గాలి పిస్టన్ కన్నా నాలుగు రెట్లు వేగంగా దూరాలి. వాల్వ్ పూర్తిగా లేచి ఉండేది కాసేపే కాబట్టి, నిజానికి అంతకన్నా వేగంగా.

దీనికి హద్దెక్కడో ఎంఐటీలో ఇంజన్ల ప్రొఫెసరు చార్లెస్ ఫేయెట్ టేలర్ తేల్చాడు. లిఫ్టు (వాల్వ్ లేచే ఎత్తు), ప్రవాహ నష్టాలు కలిపి లెక్కేసినప్పుడు వాల్వ్ దగ్గరి గాలి వేగం ధ్వని వేగంలో సుమారు 0.6 వంతు దాటిందా, సిలిండరు నిండడం బాగా తగ్గిపోతుంది. ఆపైన తిప్పినకొద్దీ ఒక్కో చుట్టుకు అందే గాలి పడిపోతూనే ఉంటుంది. వాల్వ్ వ్యాసం 10 శాతం పెంచితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, హద్దు అంత పైకి జరుగుతుంది. కుర్రాళ్ల ఆశలో తప్పేం లేదు.

కానీ బోరు సన్నగా ఉంటే పెద్ద వాల్వుకు చోటేదీ? కీత్ డక్‌వర్త్ కాస్‌వర్త్ డీఎఫ్‌వీ అనే ఫార్ములా వన్ రేసు ఇంజనుకు బోరు సుమారు 86, స్ట్రోకు సుమారు 65 మిల్లీమీటర్లు పెట్టి, సిలిండరుకు నాలుగు వాల్వులు అమర్చాడు. 1967లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో రేసర్ జిమ్ క్లార్క్ దాన్ని తొలి రేసులోనే గెలిపించాడు. నా దృష్టిలో గాలి గురించి అంత శుభ్రంగా ఆలోచించిన ఇంజన్లు తక్కువ.

పెద్ద వాల్వ్ వేస్తే కింది ఆర్‌పీఎంలో లాగడం పోతుందంటారు. నేనొప్పుకోను. తప్పు చాలాసార్లు వాల్వుతోపాటు పెద్దది చేసిన పోర్టుది, అంటే వాల్వుకు గాలి తెచ్చే దారిది. పిస్టన్ అడుక్కి చేరి మళ్లీ పైకి లేస్తున్నా ఇన్‌టేక్ వాల్వ్ ఇంకా తెరిచే ఉంటుంది. అప్పుడు లోపలికి వచ్చే గాలి తన ఊపుతోనే వస్తుంది. పోర్టు వెడల్పయితే ఆ ఊపు చచ్చి, వచ్చిన గాలి కార్బురేటరు వైపు వెనక్కి తన్నుతుంది. పెట్రోలు కూడా గాలిలో తేలకుండా పోర్టు గోడలకు అంటుకుంటుంది.

అందుకే వాల్వ్ ఒకటి రెండు మిల్లీమీటర్లు పెంచినా పోర్టు జోలికి పోను. సీటు కిందున్న ఇరుకును వాల్వ్ వ్యాసంలో 85–90 శాతం దగ్గర ఆపేసి, మిగతా ఓపికంతా సీటు కోణాల మీద పెడతాను: 45 డిగ్రీల సీటుకు పైన 30, కింద 60. వాల్వ్ ఇంకా కొద్దిగానే లేచినప్పుడు గాలి సాఫీగా మళ్లేది అక్కడే. ఇంతా చేసే ముందు కుర్రాణ్ని అడిగేది మాత్రం ఒకటుంది: బండి ఎక్కువగా తిరిగేది హైవే మీదా, అరకు ఘాటులోనా?