పడుగులోనా, పేకలోనా?

మూసాపేటలో మా వదినకు రొమ్ములో గడ్డ తగిలింది. వేలు పెడితే గోళీలా పక్కకు జారిపోయేది. ముక్క పరీక్షలో ఫైబ్రోఎడినోమా అని తేలింది. "మామూలు గడ్డేనమ్మా, భయం లేదు" అన్నారు డాక్టరమ్మ. మెట్రో మెట్లెక్కుతూ వదిన నన్నడిగింది: "ఇవాళ మామూలుదే. రేపు క్యాన్సర్‌గా మారితే?"

ఆ ప్రశ్న వెంటపడి, 2014లో సింగపూర్ పరిశోధకులు నేచర్ జెనెటిక్స్ పత్రికలో అచ్చువేసిన పేపరు చదివాను. ఎంత శ్రద్ధగా చేసిన పని! ముందు 8 గడ్డల్లో, ప్రొటీన్ల తయారీకి సూచనలుండే డీఎన్‌ఏ భాగమంతా చదివారు. పక్కన అదే మనిషి రక్తం పెట్టి పోల్చారు. పుట్టుకతో వచ్చిన తేడా ఏదో, గడ్డలో కొత్తగా పుట్టిన మార్పు ఏదో అలాగైతేనే తెలుస్తుంది. మళ్లీ మళ్లీ మార్పు కనిపించిన జన్యువు ఒక్కటే, మెడ్12. ఇంకో 90 గడ్డలు తెచ్చి చూశారు. మొత్తం 98లో 58కి ఆ మార్పు ఉంది, అందులోనూ ఎక్కువ భాగం ఆ జన్యువులో ఒకే చోట, 44వ కోడాన్ దగ్గరే.

చాలామంది అక్కడితో ఆగిపోయేవారు. వీళ్లు ఆగలేదు. ఈ గడ్డలో పడుగూ పేకలా రెండు రకాల కణాలు కలిసిపోయి ఉంటాయి: పాల గొట్టాల లోపలి పొర, దాని చుట్టూ ఉండే స్ట్రోమా అనే కణజాలం. మరి మార్పు ఏ పోగుది? గడ్డ మొత్తాన్ని నూరితే ఆ జవాబు దొరకదు. అందుకని పలచటి పొరను మైక్రోస్కోపు కింద పెట్టి, లేజర్‌తో ఒక్కో రకం కణాలను విడిగా తీశారు. మార్పు స్ట్రోమాలోనే ఉంది. రొమ్ము క్యాన్సర్లు ఎక్కువగా మొదలయ్యే గొట్టాల పొరలో లేదు. నాకు మనసు నిండిపోయింది అక్కడే.

2015లో మరో పేపరులో 100 గడ్డలు చదివారు. ఫైబ్రోఎడినోమాకు బంధువైన ఫిల్లోడిస్ గడ్డల్లోనూ మెడ్12 మార్పు ఉంది. పైగా ఎఫ్‌ఎల్‌ఎన్‌ఏ, సెట్‌డీ2 లాంటి జన్యువుల్లో మార్పులు చేరాయి. ముదిరినవాటిలో టీపీ53, ఆర్‌బీ1 జన్యువుల్లో కూడా మార్పులు కనిపించాయి.

అయితే వదిన అడిగిన ముప్పు గురించి, జన్యువులు చదవడం ఇంత సులువు కాకముందే, 1985లో డ్యూపాంట్, పేజ్ అనే పరిశోధకులు మైక్రోస్కోపుతోనే ఒక పెద్ద లెక్క తేల్చారు. మామూలు గడ్డలని ముక్క తీసిన 3,303 మంది ఆడవాళ్ల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించారు. కణాలు విపరీతంగా పెరిగి, రూపు కూడా మారినవాళ్లకు (ఈ రూపు మారడాన్నే ఎటిపియా అంటారు) క్యాన్సర్ ముప్పు దాదాపు 5 రెట్లు. చాలామందికి మాత్రం ముప్పు ఏమీ పెరగలేదు.

వదిన రిపోర్టు మళ్లీ తెరిచాను. "ఎటిపియా లేదు" అన్న లైను కింద గీత గీసి చూపించాను. వదిన దాన్ని రెండుసార్లు చదివి, ఆరు నెలల తర్వాతి అల్ట్రాసౌండ్ తేదీని వంటింటి క్యాలెండర్‌లో రాసుకుంది.