రామప్పగుడి మదనికలు: లక్ష్యలక్షణవిచారము

కాకతీయ గణపతిదేవుని సేనాని యగు రేచెర్ల రుద్రుఁడు పాలంపేటయందు రుద్రేశ్వరాలయమును గట్టించెను. శాసనకాలము శా.శ. 1135, అనఁగా క్రీ.శ. 1213. ఆలయము మాత్రము లోకమున, శిల్పి పేరని జనశ్రుతి చెప్పు 'రామప్ప' నామముననే ప్రసిద్ధము. ఇందలి మండపపుఁ జూరు క్రింద నల్లఱాతి మదనికలు నిలిచియున్నవి. జాయపసేనాని నృత్తరత్నావళి ననుసరించి శిల్పి వీనిని మలచెనని కొందఱందురు. ఈ వాదము విచారణీయము.

నృత్తరత్నావళి క్రీ.శ. 1253-54 ప్రాంతమున రచింపఁబడినది. ఆలయపుఁబని సుమారు 40 ఏండ్లు సాగెనని యంగీకరించినను, గ్రంథము వెలువడునప్పటికి ఉలిపని ముగింపునకు వచ్చియుండవలెను. కావున గ్రంథము శిల్పమునకు మూలము కానేరదు. అట్లని శిల్పమే గ్రంథమునకు మూలమనుటయు సాహసము. జాయప తన యెనిమిది యధ్యాయములలో నాలుగింటిని దేశినృత్తమునకై వినియోగించెను. నాఁడు జనులలో వాడుకయందున్న యాట యాతని కన్నులయెదుట నుండెననుట కిదియే సాక్ష్యము. శిల్పి చూచినదియు నా యాటయే యని యూహించుట సమంజసము. వ్యాకరణమున శిష్టప్రయోగము ముందు, సూత్రము వెనుక. ఇచ్చట నర్తకి దేహమే ప్రయోగము.

ఇఁక శిల్పి చేసిన దేమి? నామము సిద్ధార్థమును, క్రియ సాధ్యార్థమును దెలుపునని వైయాకరణుల నిర్ణయము. శిల సిద్ధము, కదలదు. నృత్తము సాధ్యము, నిలువదు. ఈ విరోధమును బరిహరించుటయే శిల్పి యెదుటి సమస్య. స్తంభమునుండి చూరువఱకు ఏటవాలుగా నున్న యిఱుకు తావే యాతనికి లభించినది. ఆ వాలునే యాతఁడు దేహపు వంపుగా మార్చెను. భార మొక పాదముపై నిలిచి, నడుము ప్రక్కకుఁ దిరిగి, రెండవ పాదము కదలుటకు సిద్ధమైనట్లు తోఁచును. నాగిని మేనిపైఁ బ్రాఁకు సర్పములు చూపరి దృష్టిని నిలువనీయవు. కోఁతి వస్త్రమును లాగుచుండఁగాఁ బట్టుకొను యువతి భంగిమ నృత్తకరణము కాదు, నిత్యజీవితమునఁ గలుగు తత్తఱపాటు. గ్రంథానుసారిక యిట్టిదానితోఁ బనిలేదు.

అవయవదైర్ఘ్యము సహజప్రమాణమును మించినదని యాక్షేపింపవచ్చును. క్రిందనుండి తలయెత్తి చూచువారికి రూపము కుఱుచయై కనఁబడును గనుక నిది దోషము గాదు. ముఖములయందు భావభేదము మిక్కిలి యల్పమనుట మాత్రము సత్యము. చలనమంతయు నంగములకే యొసఁగి, శిల్పి ముఖమును నిశ్చలముగా విడిచెను. రసదృష్టి కిది కొఱఁతయే.

ఇరువదవ శతాబ్దమున నటరాజ రామకృష్ణగారు పేరిణినృత్తము నుద్ధరించునపుడు ఈ శిల్పములను, జాయప గ్రంథమును గూడ నాధారముగాఁ గైకొనిరి. ఆ పద్ధతి యుక్తము. ఒకటి భంగిమను జూపును, ఒకటి దాని గతిని జెప్పును. ఒకదానిని రెండవదానికిఁ గేవలచ్ఛాయగాఁ జేసినచో శిల్పి పరిశీలనయు, ఆ యాట నాడిన స్త్రీల విద్యయు మఱుఁగుపడును. గ్రంథమును జేతఁబట్టి యా భంగిమలకుఁ బేళ్లు పెట్టుట యుపయుక్తమే. పేరు పెట్టినవాఁడు పుట్టించినవాఁడు గాఁడని మాత్రము మఱవరాదు.