ఉమ్మడి చెరువు, ఎండిన ఆయకట్టు: జీవవైద్య దత్తాంశ వేదికలపై ఉరవకొండ నుంచి ఒక విమర్శ

ఉపోద్ఘాతం

అనంతపురం మెట్టప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కురిసిన కొద్దిపాటి నీటిని కూడబెట్టి, తగవు లేకుండా పంచుకోవడం ఈ నేలపై శతాబ్దాలుగా సాగిన ప్రయత్నం. చేనేతకూ వేరుశనగ సాగుకూ పేరుపడిన ఉరవకొండ ఈ మెట్టలోనిదే. చెరువు నిండినంత మాత్రాన పొలం తడవదని, తూము ఎవరి చేతిలో ఉందన్నది కూడా ముఖ్యమేనని ఇక్కడి రైతుకు విడిగా చెప్పనక్కరలేదు.

నేడు జీవవైద్య పరిశోధన కూడా అటువంటి ఉమ్మడి నిల్వలను నిర్మిస్తున్నది. లక్షలాది మంది జన్యుక్రమాలు, రోగ వివరాలు, ప్రయోగశాల ఫలితాలు క్లౌడ్ వేదికలపైకి చేరుతున్నాయి. ఈ వేదికల గొప్పతనాన్ని సాధారణంగా నిల్వ సామర్థ్యంతోనూ జన్యుక్రమాల సంఖ్యతోనూ కొలుస్తున్నారు. ఉరవకొండ వంటి పట్టణంలోని రోగికీ కళాశాల అధ్యాపకునికీ వాటి ఫలం ఏ మేరకు అందగలదన్న ప్రశ్నతో వాటిని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వేదికల పరిణామం

1996లో మానవ జీనోమ్ ప్రాజెక్టు శాస్త్రజ్ఞులు బెర్ముడాలో సమావేశమై, తాము కనుగొన్న జన్యుక్రమాన్ని 24 గంటలలోపు బహిరంగపరచాలని అంగీకరించారు. నాటి స్వేచ్ఛకు అర్థం సరళం: కావలసినవారు దత్తాంశాన్ని తమ కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. దత్తాంశం పెటాబైట్ల స్థాయికి పెరిగాక ఈ పద్ధతి సాగలేదు. దత్తాంశం ఉన్నచోటికే పరిశోధకుడు వెళ్లి విశ్లేషణ చేసుకునే పద్ధతి వచ్చింది. సుమారు 5 లక్షల మంది వివరాలున్న యూకే బయోబ్యాంక్ 2021లో అటువంటి క్లౌడ్ వేదికను ప్రారంభించింది.

మన దేశంలో 2021లో జీవసాంకేతిక విభాగం బయోటెక్-ప్రైడ్ మార్గదర్శకాలను ప్రకటించింది. 2022 నవంబరులో ఫరీదాబాద్‌లో భారతీయ జీవశాస్త్ర దత్తాంశ కేంద్రం ప్రారంభమైంది. దాని నిల్వ సామర్థ్యం నాలుగు పెటాబైట్లు. 2025 జనవరిలో జీనోమ్ ఇండియా ప్రాజెక్టు సేకరించిన పదివేల మంది జన్యుక్రమాలు ఈ కేంద్రం ద్వారా, నియంత్రిత అనుమతి పద్ధతిలో, పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. ఈ ప్రాజెక్టులో పాల్గొన్న 20 సంస్థలలో హైదరాబాదులోని సీసీఎంబీ ఒకటి.

అవిభక్త అనంతపురం జిల్లాకు వైద్య పరిశోధన కొత్త కాదు. బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆసుపత్రి నుంచి వెలువడిన విన్సెంట్ ఫెర్రర్ హెచ్ఐవీ అధ్యయనం ఫలితాలు ఎవరైనా చదవగల పత్రికలలో ప్రచురితమయ్యాయి. అయితే వ్యాసం బహిరంగం కావడం వేరు, దాని వెనుక ఉన్న రోగుల దత్తాంశం బహిరంగం కావడం వేరు. హెచ్ఐవీ వంటి విషయంలో ఈ భేదమే రోగికి రక్షణ.

పోరుమామిళ్ల ప్రమాణం

ఉమ్మడి నిల్వను విమర్శించడానికి రాయలసీమకు సొంత ప్రమాణం ఒకటి ఉంది. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) చెరువు నిర్మాణానికి పన్నెండు సాధనాలనూ ఆరు దోషాలనూ పేర్కొన్నది. ఆ దోషాలలో మూడు దత్తాంశ వేదికల పరిశీలనకు ఉపకరిస్తాయి. అవి కట్ట నుంచి నీరు ఊరడం, చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, నేల కొద్దిగా ఉండి నీరు అధికం కావడం.

కట్ట ఊట

పేరు, చిరునామా తొలగిస్తే దత్తాంశం ఎవరిదో తెలియదన్న నమ్మకం 2008లో దెబ్బతిన్నది. వందలాది మంది జన్యు వివరాలను కలిపి ప్రకటించిన సగటు సంఖ్యల నుంచి కూడా, ఒక నిర్దిష్ట వ్యక్తి ఆ సమూహంలో ఉన్నాడో లేడో చెప్పవచ్చని ఆ ఏడాది ఒక పరిశోధన నిరూపించింది. దానితో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు అటువంటి సంఖ్యలను బహిరంగ ప్రదర్శన నుంచి తొలగించాయి.

తరతరాలుగా అంతర్వివాహం పాటించే సమాజాలలో ఈ సమస్య మరింత లోతైనది. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వెలువడిన అధ్యయనం దీనికి ఆధారం. సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ అందులో భాగస్వాములు. పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాలలో 81 సమూహాలు అతి తక్కువమంది పూర్వీకుల నుంచి విస్తరించిన గుర్తులను, ఫిన్లాండు ప్రజలకంటె, అష్కెనాజీ యూదులకంటె బలంగా చూపాయి. ఇటువంటి సమూహంలో ఒకరి జన్యుక్రమం బంధువుల గురించీ ఎంతో చెబుతుంది. సంతకం చేసేది ఒకరు, వెల్లడయ్యేది పలువురు. వ్యక్తి సమ్మతి పత్రం ఒక్కటే ఈ ఊటను ఆపలేదు.

ఒక ఎంజైము, ఒక శస్త్రచికిత్స

అదే అధ్యయనం ప్రస్తావించిన ఉదాహరణ తెలుగు సమాజానికి దగ్గరిది. వైశ్య సమూహంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఇతర సమూహాలకంటె సుమారు వంద రెట్లు ఎక్కువ. ఈ లోపం ఉన్నవారు మామూలు జీవితంలో ఏ ఇబ్బందీ ఎరుగరు. శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మాత్రం వారి శరీరంలో త్వరగా విచ్ఛిన్నం కాదు. నిమిషాలలో తీరవలసిన ప్రభావం గంటలపాటు నిలుస్తుంది. అంతసేపూ కృత్రిమ శ్వాస అందించవలసి ఉంటుంది.

ఇక్కడ దత్తాంశం ఫలితం ప్రాణానికి సంబంధించినది. పెద్ద నగరంలో వెంటిలేటర్ పక్కనే ఉంటుంది. ఉరవకొండ వంటి చిన్న పట్టణంలో ముందుగా తెలియడమే రక్షణ. అందుకు జన్యుక్రమ విశ్లేషణ కూడా అవసరం లేదు: కుటుంబంలో ఎవరికైనా మత్తుమందు తరువాత శ్వాస ఆలస్యంగా తిరిగివచ్చిందా అన్న ప్రశ్న, అవసరమైతే ఎంజైము స్థాయిని తెలిపే రక్తపరీక్ష చాలు. కులం పేరు ఈ పరీక్షకు ప్రత్యామ్నాయం కారాదు. ఆ సమూహంలో అధికులకు లోపం ఉండదు, ఇతరులలో అసలే లేకపోదు.

సరిహద్దు చెరువు

ఈ సమాచారాన్ని పరిశోధన నుంచి వైద్యానికి చేర్చవలసినది ఎవరు? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం పరిశోధనకు మినహాయింపు ఇచ్చింది. అయితే ఆ దత్తాంశాన్ని ఒక నిర్దిష్ట వ్యక్తికి సంబంధించిన నిర్ణయానికి వాడరాదన్నది ఆ మినహాయింపులోని షరతు. దుర్వినియోగాన్ని అరికట్టడానికి ఇది న్యాయమైన నియమమే. కాని ఒక దాతకు ప్రమాదం ఉందని వేదికలో తేలినప్పుడు, ఆ సంగతి అతనికీ అతని వైద్యునికీ చేర్చే పని ఈ మినహాయింపు గీతకు అవతల పడుతుంది. అందుకు సేకరణ సమయంలోనే వేరుగా సమ్మతి తీసుకొని ఉండాలి. లేకపోతే దత్తాంశం పరిశోధన, వైద్యం అనే రెండు రాజ్యాల సరిహద్దున నిలిచిపోతుంది.

నీరు ఎక్కువ, ఆయకట్టు తక్కువ

ఆరవ దోషం అన్నిటికంటె ముఖ్యమైనది. నియంత్రిత అనుమతికి సంస్థాగత నైతిక కమిటీ, దరఖాస్తును నడిపే యంత్రాంగం, గణన సమయానికి చెల్లించే నిధులు, విశ్లేషణ తెలిసిన మనుషులు కావాలి. ఇవన్నీ మహానగర సంస్థలకు సహజంగా సమకూరుతాయి. మెట్టప్రాంతపు డిగ్రీ కళాశాలకు సమకూరవు. అందరికీ సమానంగా వర్తించే నియమం అందరికీ సమానమైన ప్రవేశాన్ని ఇవ్వదు. రక్తనమూనా పల్లె నుంచి వస్తుంది, పరిశోధనా ప్రశ్న మాత్రం పల్లెకు దూరంగా పుడుతుంది.

వేదికలను మూసివేయడం దీనికి పరిష్కారం కాదు. పలు సమూహాల దత్తాంశం ఒకచోట చేరి ఉండకపోతే 2017 అధ్యయనంలోని పోలిక సాధ్యమయ్యేదే కాదు. మార్చవలసినది పంపకం. రాయలసీమలో చెరువును నిర్మించి, మరమ్మతులు చేసేవారికి దశబంధం ఇనాముగా భూమి దక్కేది. ఆయకట్టుకు నీరు పారించే బాధ్యత నీరుగట్టిది. అంటే వనరును నిలబెట్టినవారికి వాటా, పంపకానికి ఒక బాధ్యుడు. ఈ పాత ఏర్పాటు కూడా కుల, భూస్వామ్య అసమానతలకు అతీతమైనది కాదు కనుక దానిని యథాతథంగా ఆదర్శంగా తీసుకోలేము. అయినా అందులోని రెండు సూత్రాలు నేటి వేదికలకు వర్తిస్తాయి. నమూనాలు వచ్చిన ప్రాంతంలోని కళాశాలలకు గణన సమయంలో కొంత వాటాను ముందుగానే కేటాయించవచ్చు. తేలిన ఫలితాన్ని ఆ ప్రాంతపు ఆసుపత్రులకు తెలుగులో చేర్చే బాధ్యతను ఒక నిర్దిష్ట అధికారికి అప్పగించవచ్చు.

ముగింపు

దత్తాంశాన్ని ఎవరు చూడగలరన్నది వేదికల విధివిధానాలలో వివరంగా ఉంటుంది. దాని ఫలితం ఎవరికి చేరాలన్నది అంత వివరంగా ఉండదు. ఉరవకొండలో శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్న రోగిని మత్తు వైద్యుడు అడగవలసిన ఒక్క ప్రశ్న, ఫరీదాబాదులోని నాలుగు పెటాబైట్ల నిల్వకు సరైన పరీక్ష. ఆ ప్రశ్న అక్కడికి చేరిన నాడు ఆ నిల్వ నిజంగా ఉమ్మడిది అవుతుంది.