తల్లిని చూపించే మనిషి

జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో పాడి చూడకుండా గేదెను కొనరు. కుక్కపిల్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఫోన్లో ఫొటో చూసి డబ్బు పంపేస్తాం. అందుకే, పిల్లకంటే ముందు తల్లిని చూపించే పెంపకందారంటే నాకెంతో గౌరవం.

కుక్క ఈనే రాత్రి ఆయనకు నిద్ర ఉండదు. పిల్లలను రోజూ తూచి రాసుకుంటాడు. బరువు పెరగనిదాన్ని తల్లి వెనక చన్నుకు పట్టిస్తాడు, పాలు అక్కడే ఎక్కువ. రెండో వారం నుంచి నట్టల మందు, 6–8 వారాల మధ్య పార్వో టీకా. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, తల్లికి జీవితంలో 5 ఈతలు మించకూడదు. గిరాకీ ఎంతున్నా ఆయన ఆ లెక్క తప్పడు. సంకరజాతిని సంకరజాతి అనే చెబుతాడు, పామేరియన్ అని అంటగట్టడు.

నాకు మరీ నచ్చేది ఆయన అడిగే తీరు. "పగలు ఇంట్లో ఎవరుంటారండీ? రేకుల ఇల్లా?" పగ్ ముక్కు పొట్టి, మా మే నెల ఎండకు దానికి ఊపిరాడదు. రేకులని వింటే ఇవ్వనని మొహం మీదే చెప్పేస్తాడు. పెంచలేకపోతే నాకే తెచ్చివ్వండంటాడు, తెస్తే తీసుకుంటాడు కూడా.